మహమ్మారి కాలమున చిల్లర వర్తకము: సుబేదారి నేర్పిన పాఠము



మహాసభా సంచికలయందు పూర్వుల ఘనతను గూర్చి వ్రాయుట మనలో నాచారము. కట్టించిన సత్రములు, పొందిన బిరుదములు, చేసిన దానములు ఏటేట మన పుటల కెక్కుచునే యున్నవి. అది తగిన పనియే. కాని కులచరిత్రమనగా ఘనత మాత్రమే కాదు. అంగడి తలుపు మూసి, తాళపుచెవి మొలలో దోపుకొని, రేపేమగునో యెరుగక యింటికి నడచినవాని కథయు చరిత్రమే. ఆ కథ శిలలపై లేదు; చిట్టాపుస్తకములలో నున్నది. ఆ చిట్టాలు చినుగకమునుపే దానిని వ్రాసి పెట్టుట మన విధియని తలచి యీ వ్యాసమునకు బూనుకొంటిమి.

సుబేదారిని గూర్చి మన వారికి వేరుగ జెప్పనక్కరలేదు. నిజాము ప్రభుత్వమున వరంగల్లు సుబాకు అధికారియైన సుబేదారు నివాసమును, కచ్చేరియు నిచ్చట నుండుటచే నీ ప్రాంతమునకా పేరు గలిగెను. 1886లో సికింద్రాబాదునుండి వరంగల్లు వరకు రైలుమార్గము వచ్చెను. 1889లో నది బెజవాడ చేరెను. అధికారి యున్నచోట గుమాస్తాలుందురు. గుమాస్తాలున్నచోట వకీళ్లును అర్జీదారులును వత్తురు. పిమ్మట కళాశాల వెలసెను. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయ మేర్పడగా నా కళాశాల దాని యంగమయ్యెను. ఈ కారణముచే సుబేదారి చిల్లర వర్తకము పొలముపైగాని మిల్లుపైగాని యాధారపడినది కాదు. కచ్చేరికి వచ్చువారిపైనను, చదువుకొనవచ్చు పిల్లలపైనను ఆధారపడినది. కుట్టుపని దుకాణము, బట్టల కొట్టు, పుస్తకముల యంగడి, జిరాక్సు యంత్రము, టిఫిను బండి, విద్యార్థుల వసతిగృహము, ఇవియే యిచ్చటి జీవనాధారములు. కొత్తవాడలో మగ్గము విడిచిన పద్మశాలి కుటుంబముల వారు పలువు రీ తెరువున బ్రతుకు వెదకికొనిరి. కావున నీ కథ వారిదియు, మనదియు.

పూర్వ వృత్తాంతము

ఓరుగల్లు నేలిన కాకతి గణపతిదేవుడు క్రీ. శ. 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునం దొక యభయశాసనము వేయించెను. అంతకుమున్ను తుపానుచే నోడ పగిలి సరకు దరికి గొట్టుకొనివచ్చినయెడల రాజులు దానిని హరించు వాడుక యుండెను. గణపతిదేవు డా వాడుకను మాన్పి, నియమితమైన సుంకము మాత్రము గైకొని తక్కినదంతయు వర్తకునకే విడువవలెనని శాసించెను. దీనిని మన పాఠ్యపుస్తకములు విదేశవ్యాపారమునకు నిదర్శనముగా జూపుచున్నవి. మేము దానియం దింకొక యర్థమును జూచుచున్నాము. తుపాను వర్తకుని యపరాధము కాదు. తుపానుచే జెడినవాని సొత్తుపై తనకు వాడుకచొప్పున హక్కున్నను దానిని విడిచిపెట్టుట రాజధర్మమని యాతడు గుర్తించెను. ఈ మాటను మనస్సున నుంచుకొనవలెనని పాఠకులను గోరుచున్నాము. వ్యాసాంతమున దీనితో మనకు బని గలదు.

ఓరుగల్లు మట్టెవాడ యంగళ్లలో సరకునకింతయని ‘మగమ’ యను చిన్న మొత్తమును వర్తకులే తమలో నేర్పరచుకొని దేవునకు సమర్పించిన సంగతి శాసనముల వలన దెలియుచున్నది. బేరము జరిగినప్పుడెల్ల నొక పిడికెడు ప్రక్కకు దీసిపెట్టు నలవాటు ఈ నేలకు గ్రొత్తది కాదని మాత్ర మిప్పటికి గ్రహించిన జాలును.

తరువాతి కాలమున మగ్గముల బ్రతుకు సన్నగిల్లగా తెలంగాణమునుండి మనవారు వేలకొలది షోలాపురము, బొంబాయి, భీవండి మొదలగు తావులకు వలసపోయిరి. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టెను. కొద్ది మాసములలోనే ఆ నగర ప్రజలలో లక్షలమంది యూరు విడిచి పారిపోయిరి. మరుసటి యేట, అనగా 1897లో, ఆంగ్ల ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును జేసెను. ఆ చట్టమే నూట యిరువది మూడేండ్ల పిదప 2020లో మరల బయటికి దీయబడినది. వ్యాధి పేరు మారినను, ఊరు విడిచి వచ్చువాని మూటయు, వానిని జూచి భయపడు స్వగ్రామమును మారలేదు.

ఇన్ఫ్లుయెంజా వత్సరము

1918 జూన్ నెలలో బొంబాయియందు ఇన్ఫ్లుయెంజా జ్వరము కనబడెను. మొదట నది సామాన్యమైన పడిసెము వలె దోచెను. సెప్టెంబరు మొదలుకొని రెండవ యుధృతి వచ్చెను. రైలు పోయిన చోటికెల్ల జ్వరము పోయెను. హైదరాబాదు సంస్థానపు జనాభా 1911లో 1,33,74,676 ఉండగా 1921లో 1,24,71,770 అయ్యెను. పదియేండ్లలో పెరుగవలసిన జనము 9,02,906 తగ్గిపోయిరి. ప్లేగు, కరవు, ఇన్ఫ్లుయెంజా మూడును జేరి చేసిన వినాశమిది.

ఆ వ్యాధికొక దుర్లక్షణము గలదు. అది వృద్ధులకంటె ఇరువది మొదలు నలువది యేండ్లలోపు వారిని ఎక్కువగా బలిగొనెను. నేతయింటికి దీని యర్థమేమో మన కులమువారికి వెంటనే తెలియును. మగ్గముపై గూర్చుండువాడు యువకుడు. కండెలు చుట్టునది యాతని భార్య. పడుగు సాచి గంజి పట్టించుటకు నాలుగిండ్లవారు వీధిలో గూడవలెను. యువకుడు పోయిన గుంటలోని మగ్గము మిగిలెను, నేయుచేయి లేకపోయెను. వీధిలో గూడినచో జ్వర మంటుకొనును. కూడనిచో పడుగు సిద్ధము కాదు. ఇట్లు ఒక్క వ్యాధి నేతపనిని మూడుచోట్ల త్రెంచెను.

దీనికి దోడు మహాయుద్ధము. విదేశీ నూలు రాక తగ్గెను. జర్మనీ రంగుల దిగుమతి 1914లోనే నిలిచి వాని వెల మింటి కెగసెను. 1918లో వానలు తప్పి ధాన్యము ప్రియమయ్యెను. ఇంకొక విశేషమును జూడుడు. రెండవ యుధృతి వచ్చిన సెప్టెంబరు, అక్టోబరు మాసములు మనకు బతుకమ్మ, దసరా, దీపావళి కాలము. వస్త్రవ్యాపారము పండ్రెండు నెలలు సమముగా సాగునది కాదు. పండుగలకును పెండ్లిండ్లకును అమ్మి, తక్కిన నెలలు దానిపై గడపునది. ఆ రెండు నెలలు పోయినవాడు రెండు నెలల యమ్మకమును గాక, సంవత్సరమును గోల్పోయినాడు.

అప్పుడు వారిని గాచినదేమి? లిఖితపూర్వకమైన సాయము స్వల్పము. సహకార పరపతి సంఘము లప్పటి కింకను పసిప్రాయమున నుండెను. షావుకారు నూలిచ్చి గుడ్డ తీసికొను పాత పద్ధతియే దిక్కు. ఎరిగినవాని యరువు, ఇరుగుపొరుగు చేబదులు, వియ్యంకుని గింజలు, ఇవే యా కాలపు ప్రాణాధారములు. అరువు ప్రాణము నిలిపినను, ఆ యరువే పిమ్మట మగ్గమును షావుకారుకు గట్టిపెట్టెను. ఎవరి మాటపై బ్రతికెనో వారి వెలకే గుడ్డ నమ్మవలసి వచ్చెను.

ఆ యిరుకులోనుండియే కూడి నిలుచు బుద్ధి పుట్టెను. 1921లో హైదరాబాదునం దాంధ్ర జనసంఘ మేర్పడెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు, అధికారులు మకాము వచ్చినప్పుడు చిల్లర వర్తకుల యొద్ద సరకు ఊరకయో, తక్కువ ధరకో లాగుకొను దురాచారమును ప్రతిఘటించిరి. వర్తక స్వాతంత్ర్యమును గూర్చి చిన్న పుస్తకమును బ్రకటించి పల్లెపల్లెకు బంపిరి. ఒంటరిగా నోరు విప్పలేని కొట్టువాడు సంఘము పేర నోరు విప్పెను.

కోవిడ్ కాలము

ఇక మనము కన్నులార జూచిన కాలము. 2020 మార్చి 2న తెలంగాణమున మొదటి కోవిడ్ రోగి కనబడెను. మార్చి నడుమనే విద్యాలయములు మూయబడెను. 22న జనతా కర్ఫ్యూ, వెంటనే లాక్‌డౌను. దేశమంతట మూసివేత కన్న వారము ముందే సుబేదారిలో బేరము పోయెనని మరువరాదు; విద్యార్థులు పెట్టెలు సర్దుకొని యిండ్లకు బోయినదినమే యిచ్చటి యంగళ్లకు గ్రహణము పట్టెను. రాష్ట్రమున లాక్‌డౌను మే నెలాఖరువరకు సాగెను. తక్కిన బజారులు జూన్ నెలలో తెరచుకొన్నను సుబేదారికి బేరము రాలేదు. కళాశాలలు మరల తెరచినది 2021 ఫిబ్రవరి 1న. రెండు నెలలైనను నిండకుండ మార్చి 24న మూసిరి. మే 12 నుండి రెండవ లాక్‌డౌను. తొలుత ఉదయము ఆరు మొదలు పది గంటలవరకే యంగళ్లు. విద్యాలయములు నిలుకడగా దెరచినది 2021 సెప్టెంబరు 1న. లెక్క చూడుడు: ఒకటిన్నర సంవత్సరములలో విద్యార్థులపై నాధారపడిన యంగడికి బేరము దొరకినది రెండు నెలలలోపే.

1918నకును 2020నకును భేదమిచ్చట గలదు. నాడు సరకు లేదు, నేయువాడు లేడు. నేడు సరకున్నది, కొనువాడు లేడు. కొత్తవాడలో జంపఖానాలు నేసినవారికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించెను. రెండేండ్లు తిరుగకమునుపే వారి నేత గుట్టలుగా బడియుండెను. నూలిచ్చు యజమాని పాత సరకు కదలనిది క్రొత్త నూలీయడు. నూలు లేనిది కూలి లేదు. సామ్యము మాత్ర మొక్కటి. రెండు లాక్‌డౌనులును పెండ్లిండ్ల కాలముననే పడెను. నాడు దసరా పోయినట్లే నేడు వైశాఖము పోయెను. బడిదుస్తులు కుట్టువానికి జూన్ మాసము కోతకాలము; అది రెండేండ్లు వరుసగా బోయెను.

మేమెరిగిన యొక కుట్టుపనివాని సంగతి చెప్పెదము. కళాశాల దాపున రెండు మిషన్లతో నుండువాడు. మొదటి నెల మిగులు సొమ్ము తినెను. రెండవ నెల బట్టముక్కలతో మాస్కులు కుట్టి యమ్మెను. మూడవ నెల మాస్కులు ప్రతివాడు కుట్టసాగెను. అప్పుడొక మిషను నింటికి జేర్చి, భార్యతో గూడ పాతబట్టల మరమ్మతు పట్టెను. రెండవ మిషను నమ్మివేసెను. కాని దుకాణపు కిరాయి మానలేదు. ‘ఈ చోటు వదలినచో నా ఖాతాదారు నన్నెచ్చట వెదకును?’ అని యాతని ప్రశ్న. ఇది యొక్కని కథ కాదు. కూరగాయల బండి పెట్టిన బట్టలవర్తకుడు, ఫోనులో చీర చూపి యింటికి జేర్చిన చిన్న దుకాణదారు, పల్లెకు మరలి ఉపాధి పనికి బోయిన టిఫిను బండివాడు, వీరందరును ఒకే లెక్క వేసిరి: అమ్మకము పోయినను అంగడి పేరు పోరాదు.

ప్రభుత్వము లేమియు జేయలేదని మేమనము. తెలంగాణ ప్రభుత్వము 2020లో తెల్లకార్డు కుటుంబమునకు మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1,500 రూపాయలను నిచ్చెను. రిజర్వు బ్యాంకు మార్చి మొదలు ఆగష్టు వరకు ఆరు నెలలు అప్పు వాయిదాలను నిలుపు సౌకర్యము గల్పించెను. కేంద్ర ప్రభుత్వము మే నెలలో మూడు లక్షల కోట్ల రూపాయల హామీ రుణములను, జూన్‌లో వీధి వర్తకులకు మొదటి విడతగా 10,000 రూపాయల అప్పును ప్రకటించెను. ఇవి యెవరికి జేరెను, ఎవరికి జేరలేదు అనునదే చరిత్రకారుడు విచారింపవలసినది.

హామీ రుణము 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో అప్పున్నవారికే లభించెను. అప్పు జేయక చేబదులుతో నీతిగా నడపుకొన్నవానికి లేదు. చిల్లర, టోకు వర్తకులను సూక్ష్మ, చిన్న పరిశ్రమల వరుసలో జేర్చి బ్యాంకుల ప్రాధాన్యరుణములకు నర్హులుగా జేసినది 2021 జులై 2న. అప్పటికి రెండవ ఉధృతియు గడచిపోయెను. వాయిదా నిలుపుదల సంగతి చూడుడు. నెలకు నూటికొక రూపాయి వడ్డీపై లక్ష రూపాయల యప్పున్నచో ఆరు నెలలకు 6,152 రూపాయలు పెరుగును. అందు వడ్డీపై వడ్డీ 152 రూపాయలు. పిమ్మట ప్రభుత్వము విడిచిపెట్టినది ఆ 152 రూపాయలే. తక్కిన ఆరువేలు అంగడివాని నెత్తినే యుండెను. ఇక చీటీలకును, తెలిసినవాని వడ్డీకిని ఏ నిలుపుదలయు లేదు. అంగడి మూసియున్నను చీటీ దినము వచ్చుచునే యుండెను.

ఒక్క సాయము మాత్రము వేళకు వచ్చినది. 2017లో మొదలైన ‘నేతన్నకు చేయూత’ పథకమున నేతగాడు తన కూలిలో నూటికి 8 వంతులు దాచుకొనగా రాష్ట్రప్రభుత్వము 16 వంతులు జేర్చుచుండెను. ఆ సొమ్ము మూడేండ్లు ముట్టరాదని నియమము. 2020లో గడువునకు ముందే దీసికొన ననుమతించిరి. అది యప్పు కాదు, దానము కాదు. మంచికాలమున దాచుకొన్న తన సొమ్ము. దానికి జామీను వ్రాయువాడక్కరలేదు.

మన తప్పు

ఇంతవర కితరులను గూర్చి వ్రాసితిమి. ఇప్పుడు మనలను గూర్చి వ్రాయవలెను. ఆ దినములలో నొక కులసంఘమునకు బజారు వైపున కొన్ని మలిగెలుండెను. వానిలో నుండువారిలో సగము స్వకులస్థులే. అంగళ్లు మూసియున్న నెలలకు గిరాయి తగ్గింపుడని వారు మనవి చేసికొనిరి. కార్యవర్గము సమావేశమై, భవనపు పై యంతస్తు పని నిలిచిపోవునని చెప్పి, పూర్తి కిరాయి వసూలు చేయ నిశ్చయించెను. ఇద్దరు మలిగెలు ఖాళీ చేసిరి. అం దొకడు తాతలనాటినుండి మన పండుగలకు చందా తప్పక యిచ్చినవాడు. ఆ సంఘము పేరు చెప్పము. ఆ సమావేశమున మేమును గూర్చుండి యుంటిమి, మౌనముగా నుంటిమి. గృహముల కిరాయిని మూడు నెలలు వాయిదా వేయవలెనని ప్రభుత్వ మా యేప్రిల్ మాసముననే యాదేశించిన సంగతి మాకు దెలియును. అంగళ్ల కది వర్తింపదను మాటను మేమాశ్రయించితిమి. తుపానులో బగిలిన యోడ సరకును విడిచిన రాజు నేలిన గడ్డపై నుండి, మూసిన తలుపునకు గిరాయి తీసికొంటిమి. హక్కుండెను, ధర్మము లేకపోయెను.

చేయవలసినది

ఈ చరిత్రమునుండి మేము గ్రహించిన దిది. మహమ్మారి కాలమున చిన్న యంగడిని నిలుపునది ఎరిగినవారి పరపతి. కాని యెరిగినవారందరు నొకే వీధిలో నుందురు, ఒకే బేరముపై బ్రతుకుదురు. ఆపద వచ్చినప్పుడు అందరును గలిసి పడుదురు. పడినవాడు పడినవానికి చేయి యీయలేడు. కావున మంచికాలముననే ప్రక్కకు దీసి, వీధికి వెలుపల దాచిన సొమ్ముండవలెను. అందుకై మూడు మనవులు.

మొదటిది, ఆపన్నిధి. మూడువందల యంగళ్లవారు నెలకు నూరేసి రూపాయలు వేసినచో ఐదేండ్లకు వడ్డీ గాక 18 లక్షలగును. ఆపదలో తొంబదిమందికి ఇరువదివేల చొప్పున జేరును. ఇది గొప్ప మొత్తము కాదు. కాని రెండు మిషన్లవాడు రెండవ మిషను నమ్ముకొనకుండ నిలుపుటకు జాలును. ఈ సొమ్మును మనలో మనకు వడ్డీకిచ్చుటగాని చీటీలలో బెట్టుటగాని కూడదు. బ్యాంకులోనే యుండవలెను, లెక్కలేటేట మహాసభ యెదుట జదువవలెను.

రెండవది, కిరాయి నియమము. ప్రభుత్వాజ్ఞచే అంగళ్లు మూసిన దినములకు మన సంఘపు మలిగెలలో గిరాయి లేదని నియమావళిలో వ్రాయవలెను. ఆపద వచ్చినపిదప చర్చించినచో మరల మేము మౌనముగానే యుందుమేమో. కావున ముందే వ్రాయుట మేలు.

మూడవది, కాగితము. 2020లో సాయము కాగితమున్నవాని యింటికే దారి జూచుకొని పోయెను. ఉద్యం నమోదు, వీధివర్తకుని గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, నెలవారి జమాఖర్చు, ఇవి లేనివాడు ప్రభుత్వము కంటికి లేనివాడే. చదువుకొన్న మన యువకులు నెలకొక యాదివారము సుబేదారిలో గూర్చుండి యీ కాగితములు వ్రాసిపెట్టినయెడల నది అన్నదానముతో సమానమగు పుణ్యము.

భవనపు పై యంతస్తు ముందుగా గట్టవలెనని తలచు పెద్దలు మన సభయందున్నారు. వారి దాతృత్వమువలననే యీ సంస్థ నిలిచినది. వారి మాటను తేలికగా జూడము. పెండ్లిండ్లకు మండపము కావలసినదే. కాని పెండ్లి చేయువాని యంగడి మూతబడియున్న నాడు మండపమునకు దీపము పెట్టువాడెవ్వడు? పై యంతస్తు రెండేండ్లాలస్యమైనను కూలదు. చిన్న యంగడి రెండు నెలలాలస్యమైనచో కూలును. దాతలు తమ చందాలో నాల్గవ వంతు నీ నిధికి మరలింపవలెనని వినయముతో వేడుచున్నాము.

ఆ కుట్టుపనివాడు నేటికిని సుబేదారిలోనే యున్నాడు. రెండవ మిషనును మాత్ర మింకను గొనలేదు. ఈ మహాసభ ముగిసి యింటికి బోవునప్పుడు, ఎరిగిన యొక చిన్న యంగడి ముందు నిలిచి, ఆ రెండేండ్లెట్లు గడపితివని యడుగుడు. వారు చెప్పునదే మన కులచరిత్రమున వ్రాయబడని యధ్యాయము. దానిని విని, వ్రాసి, మరల నట్టి యధ్యాయము రాకుండునట్లు మనము కూడుకొందుముగాక.